మోరీకి వార్డు హద్దులు తెలియవు: కొత్త సర్పంచులకు, వార్డు సభ్యులకు బహిరంగ లేఖ

సర్పంచులకు, ఉపసర్పంచులకు, వార్డు సభ్యులకు నమస్కారం.

2025 డిసెంబరులో మూడు విడతల్లో ఓట్లు పడ్డాయి. దండలు, డీజేలు, విందులు అయిపోయాయి. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు తాళం మీ చేతిలో ఉంది. 2024 ఆరంభంలో పాత పాలకవర్గాల గడువు తీరాక దాదాపు రెండేళ్లు తెలంగాణ పల్లెలు ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఎన్నికైన పాలకవర్గం లేనిచోటికి కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు రాదు కాబట్టి ఆ పద్దు ఆగిపోయింది. అయినా వీధి దీపాలు వెలిగాయి, చెత్త ట్రాక్టరు తిరిగింది, నల్లా నీళ్లు వచ్చాయి. మరి ఏం లేకుండా పోయిందంటే, పొద్దున్నే గడప ముందుకు వెళ్లి "ఇదెందుకు ఇట్లున్నది" అని అడగడానికి ఊళ్లో ఒక మనిషి. ప్రత్యేకాధికారికి సొంత శాఖ పని ఉంటుంది, దానికి తోడు పంచాయతీ బాధ్యత. ఆయన్ను అడగాలంటే మండలానికి బస్సెక్కాలి.

ప్రభుత్వం ఎక్కడుంటుంది అంటే మనలో చాలామంది హైదరాబాద్ వైపు చెయ్యి చూపిస్తారు. రాజ్యాంగం 12వ అధికరణం మాత్రం 'రాజ్యం' అన్న మాటలో కేంద్రాన్ని, రాష్ట్రాలను, స్థానిక సంస్థలను ఒకే వరసలో చేర్చింది. అంటే మీ పంచాయతీ కూడా రాజ్యమే. మీరు ఒకరికి నల్లా కనెక్షన్ ఇచ్చి, ఎదురింటివాడు ఎదుటి పార్టీకి పనిచేశాడని ఆపితే అది ఊరి గొడవగా మిగలదు. చట్టం ముందు అందరూ సమానమన్న 14వ అధికరణాన్ని రాజ్యమే తప్పినట్టవుతుంది. ఈ బరువు మీ మీద ఉందని ప్రమాణ స్వీకారం నాడు ఎవరూ చెప్పి ఉండరు.

అసలు ఈ రాజ్యం ఎందుకు పుట్టిందో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. మీ ఊరి మోరీ, అంటే మురుగు కాలువ, చాలు.

ఊళ్లో ఎవరి బోరు వాళ్లు వేసుకోవచ్చు, ఎవరి మరుగుదొడ్డి వాళ్లు కట్టుకోవచ్చు. చేతిలో డబ్బుంటే ఇన్వర్టరూ పెట్టుకోవచ్చు, నీళ్ల క్యాన్లూ తెప్పించుకోవచ్చు. కానీ గిన్నెలు తోమిన నీళ్లు గడప దాటాక ఎటు పోవాలన్నది ఏ ఒక్క ఇంటివాడి చేతిలోనూ లేదు. నలభై ఇళ్ల ముందు నుంచి వెళ్లి ఎక్కడో పల్లంలో తేలాలి. మధ్యలో ఒక్కడు అరుగు ముందుకు జరిపినా పైనున్న ముప్ఫై ఇళ్లకు దోమలే. అందరికీ అవసరమైనది, ఎవరూ ఒంటరిగా చేయలేనిది, ఒక్కడు అడ్డం పడితే అందరికీ పాడయ్యేది. ఇలాంటి పనుల కోసమే అందరి దగ్గరా కొంత డబ్బు తీసుకునే హక్కు, అడ్డం వచ్చినవాడిని పక్కకు జరిపే హక్కు కలిపి ఒకచోట పెట్టారు. ఆ హక్కులు రెండూ మీ పంచాయతీకి ఉన్నాయి. ఎవరికివారే యమునాతీరే అయితే మురుగు వీధిలోనే ఉంటుంది.

అయితే మనం కట్టే మోరీలు ఎందుకు పారవు? కారణం సిమెంటులో కంటే పంపకంలోనే ఎక్కువ. వచ్చిన డబ్బును పది వార్డులకు సమానంగా పంచుతాం. ప్రతి సభ్యుడికీ తన ఇంటి దగ్గరో తన వాళ్ల ఇళ్ల దగ్గరో ఇరవై మీటర్లు. కాగితం మీద చూస్తే పది పనులు, పది శిలాఫలకాలు, ఎవరికీ అలక లేదు. నేల మీద చూస్తే ఎక్కడా కలవని పది సిమెంటు తొట్లు. మొదటి వానకే ఒక్కోటీ ఒక్కో దోమల గుంత అవుతుంది. చీర పంచినట్టు మోరీని పంచలేం. రెండు వందల మీటర్లు ఒకే ఏడాది ఒకే వీధిలో పూర్తి చేసి, మిగతా తొమ్మిది వార్డులవాళ్లు "వచ్చే ఏడు మాది" అని ఒప్పుకునేలా చేయడమే పాలకవర్గం పని. ఆ ఒప్పందం తీర్మానాల పుస్తకంలో వరుస నంబర్లతో రాసి ఉంటే, వచ్చే ఏడు ఎవరూ మాట మార్చలేరు.

పని మొదలయ్యే చోటు కూడా ముఖ్యం. మోరీని ఎప్పుడూ కింద నుంచి, అంటే నీళ్లు చివరికి వదిలే చోటు నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. మనవాళ్లు పైన, సర్పంచ్ ఇంటి దగ్గరో బస్టాండ్ దగ్గరో కొబ్బరికాయ కొట్టి కిందికి వస్తారు. పది మీటర్లకు కనీసం ఐదు సెంటీమీటర్ల వాలు ఉంటేనే మురుగు తనంతట తాను కదులుతుంది. ఆ లెక్కన రెండు వందల మీటర్లకు ఒక మీటరు దిగాలి. పైనుంచి కట్టుకుంటూ వచ్చినవాడు చివరికి చేరేసరికి మోరీ అడుగు, నీళ్లు వదలాల్సిన గుంత కంటే లోతుకు పోయి ఉంటుంది. అప్పుడిక వాలు తగ్గించి కడతారు, మట్టి పేరుకుంటుంది, జేసీబీతో తవ్వుతారు, పలక పగులుతుంది.

మట్టం చూడటానికి ఇంజినీరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మేస్త్రీ దగ్గర పారదర్శకమైన నీళ్ల ట్యూబు ఉంటుంది. పదిహేను మీటర్ల ట్యూబులో నీళ్లు నింపి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, ఇద్దరు మనుషులు రెండు కర్రల దగ్గర పట్టుకుంటే చాలు. రెండు చివర్లా నీటి మట్టం ఒకటే ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి నేలకు ఉన్న తేడాయే వాలు. పది మీటర్లకొక గుంజ పాతి, సున్నంతో గీత గీసి, ఆ అంకెలు ఒక కాగితం మీద రాయండి. ఈ పని వానాకాలంలో ఒకసారి వీధులన్నీ తిరిగి, ఎక్కడ నీళ్లు నిలిచాయో గుర్తు పెట్టుకున్నాక చేస్తే ఇంకా మంచిది. మలుపుల దగ్గర, మధ్యలో ప్రతి ముప్ఫై మీటర్లకు, మట్టి దిగడానికి అడుగు లోతు గుంత వదలాలి. ఇళ్ల ముందు వేసే కప్పులను సిమెంటుతో అతికించనివ్వకండి. ఇద్దరు మనుషులు లేపగలిగే రెండడుగుల బిళ్లలు వేయించండి. అతికించిన కప్పు కింద సఫాయి కార్మికుడు ఏం తీయగలడు? మరుగుదొడ్డి పైపును మోరీలోకి వదలడం మాత్రం మొదటి రోజు నుంచే ఆపాలి. ఒకరు వదిలితే పదిమంది వదులుతారు. ఆ తర్వాత అది చెరువులోకి పోతుంది.

అరుగుల సంగతి. వీధిలోకి జరిగిన మెట్లు తీయించాలంటే నోటీసు ఇవ్వాలి, కొలతలతో పంచనామా రాయాలి, గడువు ఇవ్వాలి. ఇదంతా సక్రమంగా చేసినా, మొదటి అరుగు ఎవరిదన్న దాని మీదే మీ ఐదేళ్లు ఆధారపడతాయి. మీ అన్నదో, మీ మేనమామదో, మీకు ఓట్లేయించిన పెద్దమనిషిదో మొదట తీయించండి. రెండో అరుగు వాళ్లంతట వాళ్లే తీసుకుంటారు.

ఇక ఇదే ఊళ్లో పన్ను వేసే, నియమాలు పెట్టే, శిక్షించే ఇంకో పెత్తనం ఉంటే? ఉత్తర తెలంగాణలోని చాలా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు అనేవి ఉన్నాయి. కొన్ని గుడి కడతాయి, చెరువు పండుగ చేస్తాయి, మంచిదే. కొన్ని మాత్రం ఇసుకకు, బెల్టు షాపుకు, కల్లుకు, చివరికి కూరగాయలు అమ్ముకునే హక్కుకు కూడా వేలం పాడతాయి. మాట విననివాడికి జరిమానా వేస్తాయి. కట్టకపోతే ఊరంతా వాడితో మాట్లాడొద్దని, కిరాణం ఇవ్వొద్దని, పొలం పనికి పోవద్దని చాటిస్తాయి. బయటివాడు చూస్తే దీనికీ పంచాయతీకీ తేడా ఏమిటని అనుకోవచ్చు. రెండూ డబ్బు వసూలు చేస్తాయి, రెండూ హుకుం చేస్తాయి. పైగా కమిటీ మాటే ఎక్కువ చెల్లుతుంది కూడా.

తేడా ఉంది, దాన్ని మీరు ఊరికి అర్థమయ్యేట్టు చెప్పగలగాలి. చట్టం అనుమతి లేకుండా ఎవరూ పన్ను వేయకూడదని 265వ అధికరణం. మీ ఇంటి పన్నుకు చట్టం ఉంది, రేటు ఉంది, రసీదు ఉంది, ఎక్కువ వేశారనుకుంటే పైన అప్పీలు ఉంది. కమిటీ జరిమానాకు వీటిలో ఒక్కటీ లేదు. పంచాయతీ లెక్కలను ఆడిటర్ చూస్తాడు, కమిటీ లెక్కలు ఎవరి డైరీలో ఉన్నాయో కూడా తెలియదు. మిమ్మల్ని ఐదేళ్లకు దించవచ్చు, కమిటీ పెద్దను ఎవరు దించుతారు? దెబ్బ వేసే చెయ్యి మీద కూడా ఒక కన్ను ఉంటేనే దాన్ని ప్రభుత్వం అంటాం, లేకపోతే అది బలం మాత్రమే. బహిష్కరణకు గురైనవాళ్లు దళితులో గిరిజనులో అయితే, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం సామాజిక, ఆర్థిక బహిష్కరణ నేరం. కమిటీ సమావేశంలో మీరు కూర్చున్నా, అలాంటి తీర్మానం వినిపించిన క్షణంలో లేచి, పంచాయతీ తరఫున పోలీసులకు రాతపూర్వకంగా తెలపాలి. "ఊరంతా ఒక్కటైంది, నేనేం చేయగలను" అన్న మాట మీ హోదాలో ఉన్నవాళ్లు అనకూడనిది.

సర్పంచ్ పదవిని వేలం పాటలో కొని తెచ్చుకున్న ఏకగ్రీవం కూడా ఈ కోవలోనిదే. గుడికి డబ్బిచ్చాడు కదా అంటారు. ఇచ్చిన డబ్బు గుడికైనా బడికైనా, దానికి బదులు తీసుకున్నది ఊరివాళ్ల ఓటు. అలా గెలిచినవారు మీలో ఎవరైనా ఉంటే, ఆ పెట్టుబడి రాబట్టుకోవాలన్న ఆలోచన ఏ బిల్లు దగ్గర తలెత్తుతుందో మీకే తెలుసు.

పల్లె అంటే అన్నీ మంచే అని అనుకోని మనిషి ఒకరు ఉన్నారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్, గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తినే ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఊరి పెత్తనం ఎవరి చేతుల్లో ఉంటుందో ఆయనకు తెలుసు. అదే నెలలో రాజ్యాంగ సభ సభ్యుడు కె. సంతానం సవరణతో గ్రామ పంచాయతీల మాట 40వ అధికరణంగా చేరింది. అదీ ఆదేశిక సూత్రాల్లోనే. అది కోర్టుకెక్కి అడగగల హక్కుగా మారడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఆ సవరణ ఇద్దరి మాటనూ కలిపింది. 243-జి పంచాయతీలను 'స్వపరిపాలన సంస్థలు' అంది, 243-డి దళితులకు, గిరిజనులకు, మహిళలకు సీట్లు కేటాయించింది. తెలుగు రాష్ట్రాల్లో మహిళల వాటా సగం. ఆ కుర్చీలో భార్య పేరు బోర్డు మీద, భర్త సంతకం ఫైలు మీద కనిపిస్తే అంబేడ్కర్ భయపడ్డ ఊరే గెలిచినట్టు. కార్యదర్శులకు ఒక మాట: సర్పంచ్ భర్త చేతికి ఫైలు ఇవ్వకండి. ఆమె సంతకం ఆమె ముందే తీసుకోండి, చదివి వినిపించి మరీ.

ఆ సవరణలోనే ఇంకో విశేషం ఉంది, మనం సరిగా పట్టించుకోనిది. 243-ఎ. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. ఎమ్మెల్యేకు గానీ ఎంపీకి గానీ ఓటర్లంతా కూర్చుని లెక్కలు అడిగే సభ రాజ్యాంగంలో లేదు, సర్పంచ్‌కు ఉంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం దాన్ని రెండు నెలలకోసారి జరపమంది. జరుపుతున్నామనే అంటారు. ఎలా జరుగుతుందంటే, పొద్దున పదకొండింటికి, పత్తి ఏరే రోజుల్లో, పంచాయతీ వరండాలో ఇరవై మంది. ఒక తెల్లకాగితం తిప్పుతారు, సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. తీర్మానాలు మర్నాడు ఆఫీసులో రాస్తారు. మధ్యలో రెండు గీతలు ఖాళీ వదులుతారు, "ఏదైనా మర్చిపోతే" అని. ఆ రెండు గీతల్లోకే ఏడాది తర్వాత ఒక లేఅవుట్ అనుమతో ఒక ట్రాక్టరు మరమ్మతో వచ్చి కూర్చుంటుంది.

పుస్తకం ఎలా ఉండాలో చెప్పడం తేలిక. పేజీలకు ముందే నంబర్లు వేసి ఉండాలి. విడి కాగితం అతికించకూడదు. తీర్మానం రాసి, బిగ్గరగా చదివి, ఆ తర్వాతే సంతకాలు. చివరి సంతకం కింద అడ్డగీత. ఖాళీ చోటు మిగిలితే దాన్ని కొట్టేయాలి. ఒప్పుకోనివాళ్లు ఉంటే వాళ్ల పేరూ కారణమూ రాయాలి, అది మీకు అవమానం కాదు, రేపు మీకే రక్షణ.

సభ సమయం సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. ముందురోజు డప్పు చాటింపు వేయించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టామంటే చాలదు, ఫోన్ లేని ముసలివాళ్లకే పింఛను సమస్యలు ఎక్కువ. చాటింపు దళితవాడలోకి, తండాలోకి కూడా పోవాలి. సభ చోటు కూడా చూసుకోండి. గుడి అరుగు మీదో, ఒక పెద్దమనిషి ఇంటి ముందో పెడితే కొందరు రారు, వచ్చినా నిలబడే ఉంటారు. బడి ఆవరణ మంచిది. ఒకసారి ఊళ్లో, ఒకసారి వాడలో పెట్టగలిగితే ఇంకా మేలు. ఆడవాళ్లు ముందు మాట్లాడాలని మొదటి సభలోనే ఆనవాయితీ పెట్టండి. మగవాళ్లు బిల్లుల గురించి అడుగుతారు, ఆడవాళ్లు నల్లా ఏ టైముకు వస్తుందో అడుగుతారు. రెండో ప్రశ్నకు సమాధానం చెప్పడమే కష్టం.

ఇప్పుడు డబ్బు. 2021–26 మధ్య 15వ ఆర్థిక సంఘం పల్లెలకు ఇచ్చిన దాంట్లో లక్ష వస్తే, 60 వేలకు ముందే ముడి వేసి ఉండేది. 30 వేలు తాగునీటికి, వాన నీటి నిల్వకు. 30 వేలు పారిశుద్ధ్యానికి. మిగతా 40 వేలు ఊరి అవసరాన్ని బట్టి వాడే వీలుండేది గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. అంటే పైనుంచి ఎంత వచ్చినా, మీ చేతిలో స్వేచ్ఛగా ఉండేది మీ ఊరి పన్నే. ఇంటి పన్ను పెంచితే ఓట్లు పోతాయని ఏ సర్పంచూ ముట్టుకోడు. ఫలితంగా రిజిస్టరులో పెంకుటిల్లుగా ఉన్నది వీధిలో రెండంతస్తుల డాబాగా నిలబడి ఉంటుంది.

రేటు పెంచకముందే చేయగలిగిన పని ఒకటుంది. డిమాండ్, వసూలు, నిలవ రిజిస్టరు పట్టుకుని, పన్ను వసూలు చూసే కారోబార్‌తో కలిసి వీధి వీధీ నడవండి. రిజిస్టరులో లేని ఇల్లు, రిజిస్టరులో గుడిసెగా ఉన్న మేడ, చనిపోయినవాళ్ల పేరు మీదున్న ఇల్లు, దుకాణంగా మారిన గది. ఈ నాలుగూ రాసుకోండి. 600 ఇళ్ల ఊళ్లో సగటున 600 రూపాయల పన్నుంటే ఏడాది డిమాండ్ 3,60,000. వంద ఇళ్లు జాబితాలోనే లేకపోతే ఏటా 60 వేలు ఎవరికీ తెలియకుండానే పోతోంది. పాత బకాయిలో పెద్ద మొత్తం ఎవరిదో చూడండి. చాలాచోట్ల పేదవాడిది కాదు. బకాయిల జాబితాను ఆఫీసు గోడకు అతికించే ముందు మీ ఇంటి నంబరు పక్కన నిలవ సున్నా అని ఉండేట్టు చూసుకోండి, అంతే.

పన్ను కట్టినవాడు గట్టిగా అడుగుతాడు. 'పైనుంచి వచ్చింది, పంచారు' అనుకున్నవాడు తనకెంత దక్కిందో చూసుకుని ఊరుకుంటాడు. సర్పంచులు పన్ను వసూలుకు వెనకాడటానికి ఓట్లతో పాటు ఇదీ ఒక కారణమని మా అనుమానం.

అడిగేవాడు ఏ అంకె అడగాలో ఒక ఉదాహరణ. 2,400 మంది జనాభా ఉన్న ఊరికి, మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున, రోజూ 1,32,000 లీటర్లు కావాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. రోజుకు 528 గ్రాములు. నెలకు దాదాపు 16 కిలోలు, ఏడాదికి 193 కిలోలు. 25 కిలోల సంచులు ఎనిమిది. మీ పంచాయతీ పోయినేడు ఎన్ని సంచులు కొన్నది? మూడే కొంటే, సగం రోజులకు పైగా ఊరు క్లోరిన్ లేని నీళ్లు తాగింది. ముప్ఫైకి బిల్లు ఉంటే, మిగతా ఇరవై రెండు ఎటు పోయాయి? వాన నీళ్లు కలిసి నీరు మట్టిరంగుకు తిరిగిన రోజుల్లో మోతాదు పెరుగుతుంది, మోరీల పక్కన చల్లడానికి విడిగా కొంటారు, ఆ రెండూ ఒప్పుకుందాం. రిజిస్టరులో అవి విడిగా రాసి ఉండాలి కదా.

కొన్నది ట్యాంకులో సరిగా కలుస్తోందా అన్నది ఇంకో ప్రశ్న. 60 వేల లీటర్ల ట్యాంకుకు 240 గ్రాములు. పౌడరును ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి కలియతిప్పాలి. పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే, ట్యాంకు నిండుతున్న సమయంలో, పోయాలి. అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. జరిగేదేమిటంటే, పంపు ఆపరేటరు మెట్లెక్కలేక పదిరోజులకోసారి పొడి పౌడరును పైనుంచి ఒక్కసారే గుమ్మరిస్తాడు. అది ముద్దగా అడుగున పడుతుంది. ఆ రోజు దగ్గరి ఇళ్లకు ఘాటు వాసన, మిగతా తొమ్మిది రోజులు ఎవరికీ ఏమీ లేదు. పౌడరు సంచి మూతి విప్పి పంపుగదిలో తేమలో పెడితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. వాసన రాని పౌడరు ఒట్టి సున్నమే. అతన్ని తిట్టే ముందు ఆ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీలున్నాయో లేదో, అతనికి చేతి తొడుగులు కొన్నారో లేదో చూడండి.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గరి నల్లా వద్ద చేస్తే ఎప్పుడూ పాసే. లైను చివరి ఇంటి నల్లా వద్ద చేయాలి. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోపు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగుతో పోల్చాలి. క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువ కాకూడదు. ట్యాంకు వద్ద రంగు వచ్చి, చివర్న అసలు రాకపోతే, మధ్యలో ఎక్కడో పైపు పగిలి మురుగు లోపలికి పోతోందని అనుమానించాలి. మోరీ, పైపు పక్కపక్కనే పరిచిన వీధి నుంచి వెతకడం మొదలుపెట్టండి.

సీసీ రోడ్డుకూ ఇంతే, టేపు చాలు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10కి తగ్గితే 30 ఘనపు మీటర్లే పడుతుంది. మూడో వంతు మాయం. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. పక్కన మట్టి పోసి కప్పేయకముందే అంచున టేపు పెట్టి కొలిచి, ఆ ఫొటో తీసి ఉంచండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎంబీ, అంటే పని కొలతల పుస్తకం, రాసే రోజున వార్డు సభ్యుడు అక్కడ ఉండాలి. తర్వాత మట్టి మడులు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలపాలి. ఎండాకాలంలో పోసి, మర్నాటికే ట్రాక్టరు వదిలితే ఆ రోడ్డు ఎంబీలోనే బతుకుతుంది.

చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని 2018 చట్టం పెట్టింది. చాలామంది సర్పంచులకు ఇది నచ్చదు. ఉపసర్పంచ్ తన వాటా అడుగుతాడని వాళ్ల బాధ. అది నిజమైన చోట్లూ ఉన్నాయి. కానీ రెండో సంతకం అసలు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే, ఉపసర్పంచులకు చెప్పాల్సింది ఒకటే: బిల్లు, ఎంబీ, తీర్మానం మూడూ చూసి సంతకం పెట్టండి. చూడకుండా పెట్టినా, వాటా కోసం ఆపినా, ఆ సంతకానికి అర్థం లేదు.

లెక్క చెప్పడమన్నది మన నేలకు కొత్త కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ శాసనాలు ఊరి వారియాలకు, అంటే కమిటీలకు, మనుషులను ఎలా ఎంచుకోవాలో చెబుతాయి. ముప్ఫై వార్డులు, కుండలో తాటాకు చీట్లు. వెనుక కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు అనర్హుడు, వాడి బంధువులూ అనర్హులే. అది బ్రాహ్మణ అగ్రహారం, భూమి ఉన్నవాడికి, వేదం వచ్చినవాడికే చీటీలో చోటు. దాన్ని ప్రజాస్వామ్యమని పొగిడేవాళ్లు ఆ సంగతి దాటేస్తారు. అయినా ఆ ఒక్క నియమం తీసుకోదగిందే. మన దగ్గర కరణం, మునసబు పదవులు వంశపారంపర్యంగా నడిచి 1984లో రద్దయ్యాయి. ఊరి భూముల లెక్క అప్పటిదాకా ఒక ఇంటి పెట్టెలో ఉండేది. పెట్టె ఆఫీసుకు వచ్చింది గానీ, దాన్ని విప్పి చూపించే అలవాటు ఇంకా రాలేదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్, ఎవరూ అడగకముందే లెక్కలు బయటపెట్టమంటుంది. అడిగినవాడిని "నీకెందుకు" అనే అధికారం మీకు లేదు.

మీ మొదటి గ్రామసభకు మూడు వస్తువులు తెచ్చుకోండి. క్లోరోస్కోపు, పదిహేను మీటర్ల నీళ్ల ట్యూబు, ఇంటి పన్ను రిజిస్టరు. చివరి నల్లా పరీక్ష అందరి ముందూ చేయండి. రిజిస్టరులో మీ పేరున్న పేజీ ముందు తీసి చదవండి. మోరీ కోసం ఈ ఏడు ఏ వీధి తీసుకుంటారో, మిగతా వార్డులకు ఏ ఏడు వస్తుందో పుస్తకంలో రాసి, చదివి, అడ్డగీత కొట్టండి. వాన మొదలయ్యేలోగా కింది చివర తవ్వకం మొదలుకావాలి.

ఇట్లు,
పంచాయతీ లెక్కలు, నీటి పనులు, ఆడిట్ చూసే మేం కొందరం